గాజుగ్లాసులో తెల్లధార

"మందు లేని రోగం పేరు చెప్పటానికి నీకు జీతం దేనికమ్మాయ్?" అని చంద్రమౌళి ఒకసారి అబిదాను మొహాన్నే అడిగాడు.

అడిగిన మనిషికి నరసరావుపేటలో పురుగుమందుల కొట్టుంది. కొట్టుపైన అబిదా పనిచేసే ఉచిత పంట పరీక్షల ల్యాబు, గుమ్మానికి రైతుకు దండం పెడుతున్న తన ఫ్లెక్సీ. దసరాకి మైక్రోస్కోపుకు పూజ చేయించి, చూసే అద్దం మీదే కుంకుమబొట్టు పెట్టించాడు. దాన్ని వదిలించటానికి అబిదాకు ఒక పూట పట్టింది. మైక్రోబయాలజీ చదివింది బొట్లు తుడవటానికా అనుకుంది. ఆ కొట్లో అదే శుభ్రమైన పని అని తర్వాత తెలిసింది.

కార్తీకంలో రాజుపాలెం నుంచి బసవయ్య నాలుగు మిరప మొక్కలు గోనెపట్టాలో చుట్టుకొచ్చాడు. పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తోందట. మూడెకరాల కౌలుచేలో ఇంకా ఒక మూలే పోయింది. మిగతాదీ పోతే కౌలు డబ్బులు కూడా రావు.

అబిదా కాండం కోసి, కోసిన మొన గాజుగ్లాసులో నీళ్ళకు తగిలేలా పట్టుకుంది. కాసేపటికి పాలధారలా తెల్లటి జిగురు కిందికి జారింది.

"ఇది బ్యాక్టీరియా, బాబాయ్. ఎండుతెగులు. దీనికి మందు లేదు. చచ్చిన మొక్కలు పీకి కాల్చెయ్. ఆ మూల నీళ్ళు మిగతా చేలోకి పోనీయమాకు. మళ్ళీ యేడు మొక్కజొన్న వేసుకో."

"మందు లేదంటే ఎట్టమ్మా? ఉత్త చేతుల్తో పోతే మా ఇంటిది నన్ను పీకి కాలుస్తది."

ముక్కలోని బ్యాక్టీరియాను ల్యాబు ప్లేట్లో పెంచి చూసినా అదే తేలింది. అదే రిపోర్టు రాసి కిందికి పంపింది. కింద చంద్రమౌళి 'వేరుకుళ్ళు' అని కొత్తగా టైపు కొట్టించి, ఆమె సంతకం దానికి అతికించాడు. వేరుకుళ్ళు బూజు వల్ల వస్తుంది. బూజుకైతే అతని బీరువాలో మూడు రకాల మందులున్నాయి.

బసవయ్య అమాయకంగా మోసపోయాడనుకోనక్కర్లేదు. తెల్లధార కళ్ళారా చూశాడు. చూసీ మందు కొన్నాడు. కొట్లో ఖాతా చెడితే వచ్చే యేడు విత్తనం అరువు పుట్టదు మరి. మందు మొదళ్ళలో పోసి, కొట్లో చెప్పినట్టే చేనంతా తడిపాడు. ఆ నీళ్ళే తెగులును సాలు వెంట సాలు మోసుకెళ్ళాయి. పుష్యం దాటేసరికి చేలో ఎండుకట్టెలు మిగిలాయి.

కొట్టుకొచ్చి అరిస్తే చంద్రమౌళి రిపోర్టు చేతిలో పెట్టాడు. "సంతకం ఎవరిదో చూసుకో. నేను వ్యాపారిని. చదువుకున్నోళ్ళ మాట నమ్మాను."

బసవయ్య అప్పుడే మెట్లు దిగుతున్న అబిదా వైపు తిరిగాడు. "నోటితో ఒకటి చెప్పి కాయితం మీద ఇంకోటి రాశావా, తల్లీ?"

ఆ కాయితం ఆమె చూడటం అదే మొదలు.

"నేను రాసింది ఎండుతెగులు. ఈ సంతకం అతికించింది ఈయన!" అంది, కౌంటరు ముందున్న రైతులందరికీ వినపడేలా. ఇద్దరు తలూపారు. ఊపి, తమ మందుడబ్బాలు తాము తీసుకుని పోయారు.

అబిదా ఆ పూటే మానేసింది. ఇప్పుడు సత్తెనపల్లిలో మనుషుల రక్తం పరీక్షిస్తోంది. ఆ మందుల తాలూకు పద్దెనిమిది వేల నాలుగొందలు, నూటికి రెండు రూపాయల వడ్డీతో, బసవయ్య చంద్రమౌళికి ఇంకా బాకీ.