సార్ మెచ్చిన అక్షరాలు

తొంభైల మొదట్లో నా కుడిచేతి బొటనవేలూ, దాని పక్కనున్న రెండు వేళ్లూ మొద్దుబారిపోయాయి. ఒక్క రోజులో జరిగింది కాదు. మొదట్లో పొద్దున లేచేసరికి తిమ్మిరి ఉండేది, చెయ్యి విదిలిస్తే పోయేది. కొన్నాళ్లకు విదిలించినా పోలేదు. ఆ తర్వాత చొక్కా గుండీలు చూడకుండా పెట్టుకోవడం చేతకాలేదు.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని. సార్ ఇంటిని ఆలోచించి పెన్సిల్‌తో గీసి ఇచ్చేవాడు. దాన్ని కొలతలతో ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో ఎక్కించడం నా పని. గీతలయ్యాక గదుల పేర్లు, కొలతలు, కింద మూలన యజమాని పేరు ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాసేవాడిని. సార్‌కు స్టెన్సిల్ అంటే గిట్టదు. అక్షరం చేత్తోనే రావాలి. ఆఫీసులో నాకంటే పెద్దవాడు ఇంకో డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. ఆయనను అన్నా అని పిలిచేవాడిని. ఆయన గీసిన షీట్ల మీద కూడా అక్షరాలు నేనే రాయాలి. అది సార్ పెట్టిన పద్ధతి.

ఆసుపత్రిలో డాక్టరు గుండుసూదితో వేళ్ల మీద గుచ్చి చూశాడు. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, "గా పెద్దరోగమైతే గాదు గద సారూ?" అని అడిగింది. కాదన్నాడు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. డ్రాఫ్ట్స్‌మన్ చేతికి విశ్రాంతి అంటే ఇంట్లో కూర్చోవడమే.

ఆఫీసులో చెప్పలేదు. మా వైపు వేళ్లు మొద్దుబారాయంటే జనానికి గుర్తొచ్చే జబ్బు ఒక్కటే, కుష్ఠు. నరం సంగతి వివరించేలోపే ఎదుటివాడు కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు. అందుకని కళ్లతో రాయడం అలవాటు చేసుకున్నాను. పెన్ను ఎంత గట్టిగా పట్టుకున్నానో వేళ్లు చెప్పవు కాబట్టి, గోరు తెల్లబడటం చూసి తెలుసుకునేవాడిని. ఒక షీటుకు పట్టే సమయం రెండింతలైంది. ఇంకెంతకాలం నెట్టుకురాగలనో తెలియదు. ఆఫీసులోకి ఈ మూడు వేళ్ల అవసరం లేని పనిముట్టు రావాలి, లేదా నేను బయటికి పోవాలి. భయంగా ఉండాల్సింది. ఎందుకో భయం కూడా వేయలేదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. అక్కణ్నుంచి నేర్చుకున్నదంతా జిల్లా గ్రంథాలయంలోనే. ఈ మాట ఎప్పుడు చెప్పినా గర్వంగానే చెబుతాను. ఇంటి బరువు గోడల్లోంచి నేలకు ఎలా దిగుతుందో, ఎడారి ఊళ్లలో గోడలు ఎందుకు అంత మందంగా కడతారో నాకు ఏ కాలేజీ చెప్పలేదు. కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే ప్రోగ్రాం గురించిన ఇంగ్లీషు పుస్తకం కూడా అక్కడే దొరికింది. అట్ట లేదు. ఇంటికి ఇవ్వం అన్నారు. ఆఫీసయ్యాక రోజూ వెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. కంప్యూటర్‌ను ముట్టుకున్నది లేదు కాబట్టి పుస్తకంలోని బొమ్మ చూసి ఒక షీటు మీద కీబోర్డు గీసుకున్నాను. ఎడమచేత్తో దాని మీదే సాధన చేశాను.

సార్‌తో మొదటిసారి మాట కదిపినప్పుడు ఆయన తల ఎత్తలేదు.

"బోర్డు మీద గీతకు ఏం తక్కువైందయ్యా?"

"మార్పులు సార్. దుబాయ్‌ల ఉన్న యజమాని ఉత్తరం రాస్తడు, తలుపు జరపమంటడు. బ్లేడుతోని గీకి గీకి కాగితం చినుగుతుంది."

"గీకుడు గూడ మన పనే."

అన్న పక్క బోర్డు మీంచి అందుకున్నాడు. "లైబ్రరీల కూసోని కంప్యూటర్ నేర్చుకున్నవా తమ్మీ? ఈత గూడ గట్లనే నేర్చుకున్నవా?"

సార్ నవ్వాడు. నేనూ నవ్వినట్టున్నాను. తర్వాతి వారం మళ్లీ అడిగాను, మళ్లీ నవ్వారు. నాకు రోషం రాలేదు. అడగడం ఒక పని, రోజూ చేసే పనుల్లో అదొకటి అన్నట్టు అడుగుతూనే ఉన్నాను.

చివరికి సార్ కదిలింది ఒక పడమటి ముఖం ప్లాటు వల్ల. ఆ ప్లాటు యజమానికి మేము గీసిన ఒక తూర్పు ముఖం ఇల్లు నచ్చింది, అలాంటిదే కావాలన్నాడు. అలాంటప్పుడు మేము చేసేది ఒకటే. పాత ట్రేసింగ్‌ను తిరగేసి, పైన కొత్త కాగితం పరిచి, వెనకనుంచి కనిపించే గీతల మీదుగా గీసుకుంటూ పోవడం. తూర్పు పడమర అవుతుంది. దాన్ని మేము తిరగేసుడు అనేవాళ్లం.

"గీ తిరగేసుడు కంప్యూటర్ల ఒక్క మాటతోని అయిపోతది సార్," అన్నాను.

"అయితే చూపియ్యి," అన్నాడు సార్. విసుగుతోనో సరదాతోనో నాకు తెలియలేదు.

బస్టాండు దగ్గర కొత్తగా ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టారు. దాన్ని నడిపే యువకుడి దగ్గర ఆ ప్రోగ్రాం ఉంది కానీ నేర్చుకునేవాళ్లు లేరు. "మా దగ్గరికొచ్చేటోళ్లంత టైపు కోసమే వస్తరన్నా," అంటూ తాళం తీసి కుర్చీ చూపించాడు. సార్, అన్న ఇద్దరూ నా వెనక నిలబడ్డారు.

మొదటి నిమిషంలోనే పరువు పోయింది. పుస్తకంలోని బొమ్మకు కొలత లేదు. నేను నా వేలి కొసంత మీటలు గీసుకున్నాను. అసలు మీటలు అంతకంటే పెద్దవి. ఎడమచేతి వేళ్లు ఒక మీటకు బదులు దాని పక్క మీట మీద పడుతున్నాయి. "స్కేలు రాయని బొమ్మను నమ్మిండు సూడు, మన డ్రాఫ్ట్స్‌మన్ సాబ్!" అన్నాడు అన్న. ఒక్కొక్క మీటనూ వెతుక్కుంటూ నాలుగు గదుల ఇల్లు గీశాను, గదుల పేర్లు పెట్టాను. తర్వాత తిరగేయమని ఆజ్ఞ ఇచ్చాను.

ఇల్లు తిరిగింది. దాంతోపాటు అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "గిది చదవాల్నంటే యజమాని గోడ ఎనక నిలబడాలె!"

కాగితం తిరగేసినప్పుడు అక్షరాలను ఎప్పుడూ వదిలేసేవాళ్లం, అవి కొత్తగా రాసుకునేవే. అందుకే మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు. కానీ పుస్తకంలో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట గుర్తొచ్చింది. ఒక అమరికను సున్నా చేస్తే గీతలు తిరుగుతాయి, అక్షరాలు తిరగవు. ముందు తిరగేసింది రద్దు చేసి, దాన్ని సున్నా చేసి మళ్లీ తిరగేశాను. అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. అన్న నవ్వు ఆపి ముందుకు వంగాడు.

సార్ మాత్రం తెర మీద ఒక మూల వేలు పెట్టాడు. "నీ కంప్యూటర్ పొయ్యిని తీస్కపోయి నైరుతిల పెట్టింది గదయ్యా."

"కాగితం తిరగేసినా గక్కడికే వస్తది సార్," అని, వంటగదిని ఆగ్నేయానికీ పడకగదిని నైరుతికీ మార్చాను. బ్లేడు లేదు, చిరుగు లేదు. ఇంకుతో మళ్లీ గీయాలంటే ఒక పూట పట్టే పని. సార్ చాలాసేపు చూశాడు.

"సరే, తెప్పిద్దాం. నువ్వే కూసో."

నా ఉద్యోగం నిలిచింది అనుకున్నాను. అంతలోనే ఆయన అన్నాడు.

"గీతలు దీంట్ల గీయి. అక్షరాలు మాత్రం ప్రింటు తీసినంక నువ్వు చేత్తోనే రాయాలె. మున్సిపాలిటీల నీ అక్షరం చూసే మన ఆఫీసని గుర్తు పడుతరు."

అది ఆయన నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క సందర్భం. ఇంక దాచి లాభం లేదు.

"నాకు వేళ్లు తెలుస్తలేవు సార్," అన్నాను.

అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను చూశానని ఆయనకు తెలుసు. "అంటే... గదేనా తమ్మీ?"

"కాదన్నా. నరం నొక్కుకపోయిందట. డాక్టరు చూసిండు."

సార్ నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. జేబులోని పెన్సిల్ తీసి మొనతో నా చూపుడువేలు మీద ఒత్తాడు.

"తెలుస్తుందా?"

"లేదు సార్."

ఇంకాస్త గట్టిగా ఒత్తాడు. చర్మం మీద నల్లటి చుక్క పడింది.

"ఎన్నాళ్ల సంది?"

"ఏడాది దాటింది."

"మరి మొన్నటి షీటు?"

"కండ్లతోని చూసుకుంట రాసిన సార్."

ఆయన చెయ్యి వదల్లేదు. సెంటర్ యువకుడివైపు తిరిగి, "దీంట్ల అక్షరాలు ఎన్ని తీర్లున్నయ్?" అని అడిగాడు.

ఆ అబ్బాయి ఒక్కో తీరూ తెర మీదికి తెచ్చి చూపించాడు. సార్ ఇది లావు, ఇది వంకర, ఇది పెళ్లి కార్డు లెక్కుంది అంటూ తోసేస్తూ వచ్చాడు. చివరికి ఒకటి చూపించి నన్ను అడిగాడు.

"గిది జర నీ అక్షరం లెక్క లేదూ?"

లేదు. నా అక్షరాల అడుగు కొంచెం వెడల్పు. అవి కాగితం మీద కూర్చున్నట్టుంటాయి, ఇవి నిక్కి నిలబడ్డాయి. సంతోషమో దుఃఖమో ఏదో ఒకటి వస్తుందని ఒక క్షణం ఆగి చూశాను. ఏదీ రాలేదు.

"ఉంది సార్," అన్నాను.