మా మామ, బొచ్చెచేప కార్జం

ఆ రోజుల్లో, అంటే చేపల చదువు ముగించి మేతల కంపెనీలో కొత్తగా చేరినప్పుడు, నీళ్లలో బతికే ఏ ప్రాణికి ఏం జబ్బు చేసినా నయం చెయ్యగలనని నా గట్టి నమ్మకం. (ఎవరూ అడగకపోయినా గుర్తింపు కార్డు మెడలో వేసుకునే అన్నం తినేదాన్ని.) ఓర్వకల్లు దగ్గర మా పెద్దమామ బండల మధ్య బోరు నీళ్లతో చేపల గుంట పెట్టాడు. బొచ్చెలు నిగనిగలాడుతూ పెరిగాయి. తీరా అమ్మకానికి ముందు వల వేసి చూస్తే, పడ్డవి పడ్డట్టే చచ్చి తేలాయి. మిగతావీ ఇలాగే పోతే గుంట పూడ్చుకోవాల్సిందేనని అత్త నాకు కబురు పెట్టింది.

వెళ్లి ఒక చేపను కోశాను. ముదురెరుపుగా ఉండాల్సిన కాలేయం వెన్నముద్దలా పాలిపోయి ఉంది. కత్తికి నూనె అంటుకుంది. మామ ముద్దు చేసి తౌడూ, బుడ్డల (వేరుశనగ) చెక్కా అడ్డూ అదుపూ లేకుండా పెట్టాడు. అదంతా కొవ్వై పేరుకుంది. వల తగిలిన బెదురుకే వాటి ప్రాణం నిలవలేదు.

“కార్జానికి కొవ్వు పట్టింది మామా.”

మామ ముఖం వాడిపోయింది. “నాకూ అదే రోగమని కర్నూలు డాక్టరు చెప్పినాడు గదే! చేపకు గూడా వస్తాదా?”

“రాకేం జేస్తాది! ఇద్దరికీ మేత పెట్టేది నువ్వే గదా,” అంది అత్త.

మేత తగ్గించి, అందులో కోలిన్, పిత్త లవణాలు ఉన్న పొడి కలపమన్నాను. కాలేయంలోని కొవ్వు కదిలి ఒంటికి సత్తువగా మారుతుందని ఉపన్యాసం ఇచ్చాను. అది మరీ బాగా కుదిరినట్టుంది, మర్నాడు పొద్దున చూస్తే మామ ఆ పొడిని మజ్జిగలో కలుపుకుంటున్నాడు.

“మామా, అది చేపలది!”

“కార్జానికి మంచిదని నువ్వే గదా అంటివి. దానికి పని జేసేది నాకు జేయదా?”

అత్త గ్లాసు లాక్కుని పారబోసింది. ఆ పూట నుంచి చేపలతో పాటు మామకూ మేత తగ్గించి, గుంట చుట్టూ నడిపించింది. (మామ గట్టు మీద నడుస్తుంటే చేపలు ఆశగా వెంట వచ్చేవి. దక్కేది ఇద్దరికీ చూపులే.)

కొన్ని వారాలకు మళ్లీ వల వేశారు. వల దగ్గర పడేకొద్దీ నీళ్లు కుతకుతలాడాయి. ఉన్నట్టుండి బొచ్చెలు బండల ఎత్తుకు ఎగిరాయేమో అనిపించేలా గాల్లోకి లేచాయి. కొన్ని వల దాటి పారిపోతుంటే మామ చప్పట్లు కొట్టాడు. ఒకదాన్ని కోశాను. కాలేయం ముదురెరుపుగా, తడితడిగా మెరుస్తోంది. చిటికెడు పొడి, కాస్త తక్కువ తిండి, ఎవరికీ కనపడని చోట ఇంత పని! దాన్ని అరచేతిలోకి తీసుకుని అలాగే చూస్తుండిపోయాను.

“ఏమే పాపా, దేవుణ్ణి చూసినట్ల చూస్తాండావు?” అన్న మామ, తనూ వంగి చూశాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఇట్లాంటిది నా లోపల గూడా ఒకటి పని జేస్తాండాది గదా,” అన్నాడు నెమ్మదిగా.

ఆ తర్వాత లెక్కలేనన్ని చేపల్ని కోశాను. ఇప్పుడైతే రంగు చూసి, నాలుగు మాటలు చెప్పి, చేతులు కడుక్కుని వచ్చేస్తాను. బురదలో కూరుకున్న చెప్పులతో, అరచేతిలో చేప కార్జంతో, నోరు తెరుచుకుని నిలబడిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి, ఆమె మీద కొంచెం అసూయ కూడా.