అవ్వ గుర్తుపట్టని పువ్వు

గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాసే అవ్వ ఏ మొక్కనైనా నలిపి, వాసన చూసి పేరు చెప్పేది. కాళ్లవాపుకు నీరుగొబ్బి వేరు కాచి ఇచ్చేది. ఏండ్లుగా నిండని చెరువులో ఆ నీరుగొబ్బి ముళ్లచెట్టు ఆమెకు ఎప్పుడూ ఎండిపోయే కనబడేది.

ఒక ఏడు చెరువు నిండింది. అప్పుడే అమ్మకు కాళ్లు వాచినాయి. గట్టువార నీళ్లలో నీలంగా పూసిన నీరుగొబ్బిని పీకి తెచ్చినాను. అవ్వ నలిపింది, వాసన చూసింది, తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదప్పా. దానికి పూలు యాడుండాయి?"

"ముళ్లు అవే కదవ్వా!"

"నీళ్లలో బతికేది కాళ్లలో నీరెట్లా తీస్తాది? చెరువు ఎండనీ, ఇస్తా."

తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఊరంతా నిండిన చెరువును చూసి మురిసిపోతాంటే, అమ్మ కాళ్లు ఒత్తుతా, అది ఎప్పుడు ఎండుతుందా అని కూర్చున్నది నేనొక్కణ్ణే.