పిన్ని నిద్ర లేవని బండి

కమెయామా ఊళ్లో కురాతా షోజో కార్ల షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు తమ బండికి ఎంత బలం పెరిగిందని అడగరు. "పిన్ని లేచిందా?" అని అడుగుతారు. లేవలేదని షోజో అన్నాడంటే ఇక ఆ బండికి వంక పెట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

పిన్ని అంటే షోజో భార్య ఫుసాయె. కారెక్కడం ఆలస్యం, ఆవిడకు నిద్ర ముంచుకొస్తుంది. పెళ్లి కుదిరిన కొత్తలో షోజో తన బండి సత్తా చూపిద్దామని సముద్రం దాకా తీసుకువెళ్తే, ఊరు దాటకముందే తల వాల్చేసింది. పాపం, అతనికి తల కొట్టేసినంత పనయింది. అయితే ఇంజను గొంతు మార్చుకుని ముందుకు ఉరికిన చోట మాత్రం ఆవిడ కళ్లు తెరిచి "వచ్చేశామా?" అని అడిగి మళ్లీ పడుకుంది. అతను వేగం తగ్గించి మళ్లీ తొక్కాడు. మళ్లీ "వచ్చేశామా?" అంది. ఇంకొకడైతే ఈ సంబంధం మనకొద్దనుకునేవాడు. షోజో మాత్రం ఇంటికి రాగానే పెళ్లికి తొందరపెట్టాడు.

ఆ రకం ఇంజన్ల తంతు అలాంటిది. వాల్వులను తెరవడానికి వాటిలో రెండు రకాల దిమ్మెలుంటాయి. నెమ్మదిగా పోయేటప్పుడు పొట్టి దిమ్మె వాల్వును కాస్త మాత్రమే తెరుస్తుంది. జోరందుకున్నాక, ఆయిల్ ఒత్తిడికి ఒక పిన్ను జరిగి పొడుగు దిమ్మె పని అందుకుంటుంది. అప్పుడు వాల్వు బార్లా తెరుచుకుంటుంది. ఎప్పుడు అందుకోవాలన్నదే కిటుకంతా. తొందరపడితే ఇంజను నీరసపడుతుంది. ఆలస్యమైతే ముందు ఆయాసపడి, ఆ తర్వాత ఒక్క తన్ను తంతుంది. రెండు దిమ్మెలూ సమానంగా బలమిచ్చే చోటు ఒకటుంటుంది. అక్కడ మారిస్తే మారినట్టే తెలియదు. ఆ చోటు వెతకడంలోనే షోజో జుట్టు నెరిసింది.

ముందు బండిని షెడ్డులోని రోలర్ల మీద పరిగెత్తించి, కంప్యూటర్లో బలం గీత చూసుకుంటాడు. గీతలో గుంట పూడేదాకా మార్పులు చేస్తాడు. ఆ తర్వాత ఫుసాయెను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని సుజుకా కనుమ ఎక్కుతాడు. ఆవిడ గోధుమరంగు సంచీ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతుంది. దారిలో "వచ్చేశామా?" అందంటే బండి వెనక్కి తిరుగుతుంది. కనుమ మీది సెంబే అనే బియ్యప్పిండి బిళ్లల కొట్టు దగ్గర తట్టి లేపాల్సి వస్తే పని పూర్తయినట్టు. ఇన్నేళ్లుగా కనుమ ఎక్కుతున్నా ఆవిడ చూసింది ఆ కొట్టు ఒక్కటే.

ఆ వేసవి మొదట్లో హిగుచి వాళ్ల అబ్బాయి రియోటా తన తెల్ల కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. తేయాకు తోటల వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. పోయినేడు కారు పందేల సర్క్యూట్‌లో, పొడవాటి మలుపు మధ్యలో సరిగ్గా ఆ తన్ను పడి, కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. మెడ కింది ఎముక విరిగి ఆకు కోతలన్నాళ్లూ ఇంట్లో కూర్చున్నాడు. అంతైనా బుద్ధి వచ్చిందా అంటే, లేదు. ఈ ఆదివారం మళ్లీ పందెం. తన్ను మొత్తం తీసేయకండి, అది లేకపోతే కారు తోలినట్టే ఉండదు అని బతిమాలాడు.

"ఆ తన్ను నీకు సరదా. నీ టైర్లకి కాదు" అన్నాడు షోజో.

మర్నాడు రియోటా తల్లి మిత్సుయో కొత్త తేయాకు పొట్లం పట్టుకుని ఫుసాయె దగ్గరికి వచ్చింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని కప్పు మీద కప్పు తాగారు. మిత్సుయో అదీ ఇదీ మాట్లాడి, వెళ్లబోతూ ఫుసాయె చెయ్యి పట్టుకుంది.

"వాడు నా మాట వినడు వదినా. మీ ఆయన పని మీద నమ్మకంతో తోలతాడు. ఆయనేమో నీ నిద్ర మీద నమ్మకంతో చేస్తాడు. రేపు మంచిగా పడుకో."

మంచిగా పడుకోమంటే ఎవరికైనా నిద్ర పడుతుందా? ఆ టీ ప్రభావమో, ఆ చెయ్యి ప్రభావమో, మర్నాడు పొద్దున తెల్ల కారులో కూర్చున్న ఫుసాయెకు కళ్లు మూతపడలేదు. సిగ్నళ్లు దాటారు. పాత రహదారి మీది ఊరు సెకి దాటారు. కనుమ ఎక్కడం మొదలైంది. నిద్ర లేదు. మెలకువగా ఉన్నానని చెబితే షోజో పని ఆగిపోతుంది, ఆదివారమేమో నెత్తి మీదికి వచ్చింది. అందుకని కళ్లు మూసుకుని, ఊపిరి పొడుగ్గా తీస్తూ నటించింది. నటన అంత కష్టమని ఆవిడకు అప్పుడే తెలిసింది.

కళ్లు మూసుకుని, ఆవిడ మొదటిసారిగా మొగుడి పని విన్నది. కింది వేగంలో ఇంజను గొణుగుతుంది. పైకి వెళ్లాక గొంతు తేటపడుతుంది. తిన్నని దారిలో ఆ మార్పు హాయిగా జరిగిపోతోంది. కానీ ఒక వంపులో, షోజో సగం తొక్కి పైకి లాగుతున్నప్పుడు, గొంతు మారబోయే ముందు రవ్వంత వెలితి తగిలింది. ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు. తర్వాతి వంపులో మళ్లీ అదే.

నిజంగా నిద్రలో ఉంటే దానికి లేచేదాన్నా? అది ఆవిడకే తెలియదు. లేచి తప్పు చెబితే బాగున్న బండిని పాడుచేయించినట్టు. లేవకపోతే? మిత్సుయో చెయ్యి గుర్తొచ్చింది. భయమేసింది. మూడో వంపులో ఆ వెలితి తగలగానే, నోరంతా తెరిచి ఆవలించి "వచ్చేశామా?" అంది.

షోజో కారు పక్కకు తీసి ఆపాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"ఏది ఎక్కడ?"

"నువ్వు పడుకుంటే సంచీ జారి కాళ్ల దగ్గర పడుద్ది. ఇన్నేళ్లలో పడని రోజు లేదు. ఇవాళేమో బస్సులో దొంగలున్నట్టు రెండు చేతుల్తో పట్టుకు కూర్చున్నావ్. ఊరు దాటకముందే తెలుసు నాకు."

"తెలిసీ ఊరుకున్నావా ఏమయ్యా?"

"నిద్రలో ఉంటే ఒక్క మాటే చెప్తావు. మెలకువలో ఏం చెప్తావో చూద్దామని. ఎక్కడ తగిలింది?"

ఆవిడ సిగ్గుపడుతూనే చెప్పింది. వంపులో, సగం తొక్కినప్పుడు, గొంతు మారే ముందు. షోజోకు అదేమీ తగల్లేదు. తగలదు మరి, తొక్కే కాలు అతనిదే, ఒళ్లు ముందే సర్దుకుంటుంది. అదే వంపును మళ్లీ మళ్లీ, సగమే తొక్కుతూ ఎక్కి చూశాడు. చివరికి స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టి తనను తానే తిట్టుకున్నాడు. రోలర్ల మీద ఎప్పుడూ పూర్తిగా తొక్కే గీత గీయించాడు. సగం తొక్కినప్పుడు ఆ రెండు దిమ్మెలు కలిసే చోటు వేరు. పందెంలో మలుపు మధ్య రియోటా తొక్కేదీ సగమే.

రోడ్డు పక్కనే ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఎండ పడకుండా ఫుసాయె గొడుగు పట్టుకుని నిలబడింది. సగం తొక్కుడుకు మార్పు చోటు వేరుగా పెట్టాడు, దానికి తగ్గట్టు పెట్రోలు సర్దాడు, కొంచెం ఎక్కాడు, మళ్లీ ఆపాడు. ఆవిడ "ఇంకా ఉంది" అన్నంతసేపు దిద్దుతూనే ఉన్నాడు. మధ్యమధ్య ఆవిడ కిటికీలోంచి బయటికి చూసి, ఇక్కడ ఇంత పెద్ద వాగుందా, ఈ చెట్లన్నీ ఎప్పటివి అని అడుగుతుంటే, వాగు నిన్ననే వేశారని షోజో విసుక్కున్నాడు.

తర్వాత ఫుసాయె కళ్లు తెరిచేసరికి కారు ఆగి ఉంది. ఎదురుగా కొట్టు లేదు, కనుమ అవతలి త్సుచియామా తేయాకు తోటలున్నాయి. షోజో అన్నం ముద్ద తింటున్నాడు. సంచీ ఆవిడ కాళ్ల దగ్గర పడి ఉంది. "వచ్చేశామా?" అంది. ఎప్పుడో వచ్చేశామన్నాడు షోజో. లేపబుద్ధి కాలేదట.

ఆదివారం సర్క్యూట్‌లో షోజో కార్ల దగ్గర ఉండిపోయాడు. ఆడవాళ్లిద్దరూ ఆ పొడవాటి మలుపు ఎదురుగా మెట్ల మీద కూర్చున్నారు. బయల్దేరే ముందు రియోటా వచ్చి, ఏం పిన్నీ, తన్నే తెలీట్లేదు, బండి చచ్చిపడినట్టుంది అని సణిగి వెళ్లాడు. కార్లు కదలగానే మిత్సుయో కళ్లు గట్టిగా మూసుకుని ఫుసాయె చెయ్యి పట్టుకుంది.

తెల్ల కారు మలుపులోకి దిగింది. ఫుసాయె రెప్ప వేయలేదు. గోడ దగ్గర పోయినేటి నల్లటి గీత ఇంకా ఉంది. మలుపు మధ్యలో ఇంజను గొణుగుడు తేటపడింది. ఎక్కడ తేటపడిందో ఫుసాయెకు కూడా తెలియలేదు. కారు తోక పక్కకు కదలలేదు.

"వచ్చేశాడా?" అని అడిగింది మిత్సుయో, కళ్లు మూసుకునే.

"వచ్చేశాడు వదినా. కళ్లు తెరువు" అంది ఫుసాయె.