తల ఉన్న తివాచీలు

ఇంటర్ రెండో ఏడులో నాకు ప్రస్తారాల పిచ్చి పట్టింది. ఏలూరు బస్టాండులో ఆకివీడు, ఉండి, జంగారెడ్డిగూడెం బస్సులు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఆ మూడూ ఎన్ని వరసల్లో నిలబడొచ్చో లెక్కేసేదాన్ని. ఆరు. ఇంటికొచ్చి కంచంలో కూరలను కూడా వదిలేదాన్ని కాదు. "ముందు తిను" అని అమ్మ కసిరేది.

నాన్న తివాచీలు నేసేవారు. రెండువేల నాలుగు ప్రాంతం, పని బాగా తగ్గిపోయిన రోజులు. తాడేపల్లిగూడెంలో చిన్నపిల్లల బడి నడిపే మేడమ్ ఒకావిడ వచ్చి, ఇరవై నలుగురు పిల్లలకు కూర్చునే తివాచీలు కావాలన్నారు. ఎవరిది వాళ్ళు గుర్తుపట్టేలా ఏ రెండూ ఒకలా ఉండకూడదట. మా దగ్గరున్నది నాలుగు రంగుల ఉన్ని. నాన్న నసుగుతుంటే నేను మధ్యలో దూరాను.

"నాలుగు రంగులూ నాలుగు పట్టీలుగా నేస్తే సరిపోతుంది నాన్నా. మొదటి పట్టీకి నాలుగు దారులు, తర్వాత మూడు, తర్వాత రెండు, ఆఖరికి ఒకటి. గుణిస్తే సరిగ్గా ఇరవై నాలుగు."

"మా అమ్మాయి చెప్పిందంటే అంతేనండి" అని నాన్న మాట ఇచ్చేశారు.

జాబితా రాసి మగ్గం పక్కన అంటించాను. పదో తివాచీ దిగిన రోజు అమ్మ దాన్ని పరిచి, "ఇది ఆరోదే కదా?" అంది. నాకు ఒళ్ళు మండింది.

"ఆరోది ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇది నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. కనిపించడంలేదా?"

అమ్మ తివాచీని అటు చివర ఇటు తిప్పి పరిచింది. అచ్చం ఆరోదే.

జాబితాలో తిప్పితే ఒకటే అయ్యేవి కొట్టేస్తూ పోతే మిగిలినవి పన్నెండే. పూలదండను తిరగేసినా అదే దండ కాబట్టి ఆ లెక్కలో సగం చెయ్యమని మా పుస్తకంలో ఉంది, తివాచీల సంగతి లేదు. అయినా నాకెందుకు తట్టలేదా అని ఆలోచిస్తే భలే ఆశ్చర్యమేసింది. మా ఇంట్లో నేను పుట్టినప్పటి నుంచీ చూసినవి నమాజుకు పరిచే తివాచీలు. వాటికి ఒక చివర గుమ్మం బొమ్మ ఉంటుంది, అది తలవైపు. దాన్ని తిప్పి పరవడం అనేదే మాకు తెలియదు.

తెలిసింది సరే, నాన్న మాట పోతుందే. సిగ్గుతో చచ్చిపోతూ ఆయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు. పదో తివాచీని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే దీనికి తల లేకపోవడమేనా తప్పు?" అన్నారు. రెండు చివర్లా వేలాడే తెల్లటి కుచ్చుల్లో జాబితాలోని ఆఖరి రంగు వైపువి లోపలికి మడిచి కుట్టేశారు. తక్కిన తొమ్మిదింటికీ అంతే చేశారు. నేను జాబితాలో కొట్టేసినవన్నీ మళ్ళీ రాశాను.

అప్పజెప్పడానికి నన్నూ తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు. మేడమ్ ఒకటి విప్పి చూసి, "ఇదేంటండీ, కుచ్చులు ఒకవైపే ఉన్నాయి?" అన్నారు.

నేను తల వంచుకున్నాను. నాన్న తాపీగా చెప్పారు.

"అటు తలండి. మా అమ్మాయి లెక్క తప్పు కాకూడదని పెట్టానండి."