పగతో నేర్చిన ఇంగ్లీషు

స్పానిష్ మాట్లాడే మా సముద్రపొడ్డు ఊరు పోర్తో ప్లాతాలో మా పేట ఆడవాళ్ల రహస్యాలన్నీ ముందు నా సెలూన్‌కే వస్తాయి. తలకు రోలర్లు చుట్టి డ్రయ్యర్ కింద కూర్చోబెడితే, ఆ హోరులో తన మాట ఎవరికీ వినపడదనుకుని ప్రతి మనిషీ అరిచినట్టే మాట్లాడుతుంది. కానీ మా పేట పిల్ల యుదెల్కా సంగతి నాకు అలా తెలియలేదు. మోటార్‌సైకిల్ టాక్సీల వాళ్ల నోట తెలిసింది.

ఒక సాయంత్రం ఆమె పని నుంచి వస్తుంటే, వీధి మూలమీద కూర్చున్న ఒకడు లేచి సలాం కొట్టాడు. "జరగండ్రా, మిస్ లూజ్ వస్తోంది!" మిగతావాళ్లు పగలబడి నవ్వారు. నేను దువ్వెన పట్టుకునే బయటికొచ్చి "ఏంట్రా ఆ కూత?" అన్నాను.

"మేం పెట్టింది కాదు చిచా అక్కా. హోటల్‌లో పెట్టిన పేరు. రదమేస్ చెప్పాడు."

యుదెల్కా తల తిప్పకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

రదమేస్ అంటే పరాయివాడేం కాదు. వాడి తల్లి వేరే ఊళ్లో పనిచేసుకుంటుంటే, యుదెల్కా వాళ్లమ్మ ఒలివా పిన్ని చేతి కూడు తిని పెరిగాడు. గిన్నె అడుగున పట్టిన అన్నం మాడు కోసం యుదెల్కాతో జుట్లు పట్టుకున్నవాడు. పెద్దయ్యాక కొన్నేళ్లు న్యూయార్క్‌లో ఉండి, మెడలో గొలుసుతో, నోట్లో ఇంగ్లీషుతో తిరిగొచ్చాడు. ఆ ఇంగ్లీషు చూసే బీచ్ హోటల్ వాళ్లు వాణ్ణి రిసెప్షన్‌లో నిలబెట్టారు. యుదెల్కా అదే హోటల్‌లో గదులు ఊడ్చి, పక్కలు మార్చే పని చేసేది.

ఆ మధ్య రిసెప్షన్‌లో ఇంకో మనిషి కావాలన్నారు. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. యుదెల్కాకు వచ్చిందల్లా "గుడ్ మార్నింగ్", "తువ్వాలు కావాలా?" అంతే. రదమేస్ తనంతట తానే వచ్చి, "నేను తయారుచేస్తా చెల్లీ, నువ్వు చెప్పింది చెప్పినట్టు అను చాలు," అన్నాడు. రోజూ వచ్చి ఒలివా పిన్ని వేయించిన చీజు, అరటికాయ ముద్ద తింటూ పాఠం చెప్పాడు. ఆ ఉద్యోగం వాడు తన ప్రియురాలికి ఇప్పించాలనుకున్నాడని ఈ తల్లీకూతుళ్లకు తెలియదు.

"ఈ ఉద్యోగం నీకే ఎందుకివ్వాలి అని అడుగుతారు. అప్పుడు గుండె మీద చెయ్యేసుకుని, 'ఐ యామ్ ఎ లూజ్ వుమన్' అను. ఏ అతిథినైనా అడిగి చూడండి అని కూడా చేర్చు."

"లూజ్ అంటే?"

"బిగుసుకుపోకుండా అందరితో కలుపుగోలుగా ఉండే మనిషని. మన స్పానిష్‌లోనూ వదులుగా మాట్లాడేవాళ్లను మెచ్చుకోమూ?"

యుదెల్కా ఆ వాక్యాన్ని దిండ్ల గలీబులు మారుస్తూ వల్లెవేసింది. ఇంటర్వ్యూలో గుండె మీద చెయ్యేసుకుని అంది. కెనడా నుంచి వచ్చిన మేనేజరమ్మ ముఖం కందిపోయింది. ఏమన్నావు అని అడిగింది. వినపడలేదేమోనని యుదెల్కా ఇంకా గట్టిగా అంది. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆయన నవ్వు కనపడకుండా ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. తలుపు వెనక నుంచి నవ్వులు. రదమేస్ సామాన్లు మోసేవాళ్లందరినీ పోగేసి అక్కడే నిలబెట్టాడు.

ఆ మాటకు అర్థం ఎవడు పిలిస్తే వాడి వెంట పోయే ఆడదని. లాండ్రీలో పనిచేసే పిల్ల చెవిలో చెబితే గాని ఆమెకు తెలియలేదు.

మర్నాడు నా దగ్గరికొచ్చి "తల కడుగక్కా" అంది. కళ్లలో చుక్క నీరు లేదు. నాకే ఆగలేదు.

"వెళ్లి వాడి చెంప పగలగొట్టిరావే. పేటంతా నీ వెనక నిలబడుతుంది."

"పేటంతా నవ్విందక్కా," అంది కుళాయి కింద కళ్లు మూసుకుని. "చెంపదెబ్బ ఒక పూట మండుతుంది. నాకది చాలదు. వాడికున్నదల్లా ఆ ఇంగ్లీషే. అది లాగేస్తే వాడి దగ్గర మిగిలేది ఒక గొలుసు, ఒక సెంటు సీసా. నేను వాణ్ణి ఆ ఇంగ్లీషుతోనే కొడతా. నలుగురి ముందు కొడతా."

కోపంలో అందరూ ఏదో ఒకటి అంటారు, తల ఆరేలోగా మరిచిపోతారు. ఈమె మరిచిపోలేదు. నేనే తీసుకెళ్లి ఎనీదా సిమన్స్ మామ్మకు అప్పగించాను. ఆ మామ్మ తాతలు ఇంగ్లీషు మాట్లాడే దీవుల నుంచి చెరకు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో స్పానిష్. ఆదివారం ప్రార్థనకు చేతితొడుగులు వేసుకుని వెళ్లే మనిషి.

"ఎందుకు నేర్చుకుంటావమ్మాయ్?" అని అడిగింది ఊగుడుకుర్చీలోంచి.

"ఉద్యోగానికి మామ్మా. ఒకణ్ణి మట్టి కరిపించడానికి కూడా."

"మొదటిదానికి నేర్పుతా. రెండోది నేను వినలేదు."

పని దిగగానే యుదెల్కా మామ్మ వరండాలో వాలిపోయేది. మా ఊరి నాలుకకు రెండు జబ్బులు. మాట చివర 'స్' వస్తే మింగేస్తాం. మాట మొదట్లో వస్తే దాని ముందు ఒక 'ఎ' తగిలిస్తాం. స్కూల్ అనమంటే ఎస్కూల్ అంటాం. "నా వయసు ముప్ఫై మూడు" అని చెప్పమంటే, స్పానిష్‌లో అన్నట్టే "నా దగ్గర ముప్ఫై మూడేళ్లున్నాయి" అనేది. "ఉంటే దాచుకో, నాకెందుకు చెబుతావు?" అనేది మామ్మ.

చివర 'స్' పలికించడానికి మామ్మ "అతను తింటాడు, అతను నడుస్తాడు" లాంటి వాక్యాలిచ్చింది. యుదెల్కా వాటిని పక్కనబెట్టి సొంతవి కట్టుకుంది. హి లైస్. హి లాఫ్స్. హి ఫాల్స్. అబద్ధమాడతాడు, నవ్వుతాడు, పడతాడు. గదులు తుడుస్తూ అద్దానికి చెప్పేది, స్నానాల గది గోడకు చెప్పేది. ఆ చివరి 'స్' పాము బుసలా ఉండేదని లాండ్రీ పిల్ల చెప్పింది.

"పళ్లు బిగించి మాట్లాడకు," అని మామ్మ కోప్పడింది ఒకరోజు. "కోపం మంచి గురువే గాని, ఉచ్చారణ పాడుచేస్తుంది. నోరు తెరువు. సరే, నీ బలహీనత ఏమిటని అడుగుతారు. ఏం చెబుతావు?"

"నేను దేన్నీ మరిచిపోను."

"దాన్ని బలం కింద చెప్పుకో తల్లీ. అలా కళ్లెర్రజేసి మాత్రం చెప్పకు."

హోటల్‌లో అందరూ ఇంకా మిస్ లూజ్ అనే పిలుస్తున్నారు. ఆమె నవ్వేది. రదమేస్ నా సెలూన్ గుమ్మంలో నిలబడి, "చూశావా చిచా, దానికి నా హాస్యం అర్థమైంది. మా మధ్య గొడవేమీ లేదు," అన్నాడు. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదంటారు. వాడికి సామెతలు రావు.

రెండేళ్లకు కబరేతే ఊరికి వెళ్లే దారిలో ఒక విదేశీ కంపెనీ కొత్త హోటల్ కట్టింది. రిసెప్షన్ అంతా చూసుకునే పెద్దగా ఒక మనిషి కావాలన్నారు. రదమేస్ దరఖాస్తు పెట్టాడని రూఢిగా తెలిశాకే యుదెల్కా పెట్టింది. ఆ కంపెనీ వాళ్లు అభ్యర్థులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరిని అతిథిగా, ఒకరిని రిసెప్షన్ మనిషిగా నిలబెట్టి మాట్లాడిస్తారని ఆమె ముందే వాకబు చేసింది.

"మామ్మా, గొప్పింటివాళ్లకు కోపమొస్తే ఎలా మాట్లాడతారు?"

"అరవరు. గొంతు తగ్గిస్తారు. ప్రతి మాట చివరా 'సర్' తగిలిస్తారు. అది చెప్పుదెబ్బకన్నా గట్టిగా తగులుతుంది." ఎందుకడిగిందో మామ్మకు అప్పుడు తట్టలేదు.

ఇంటర్వ్యూనాడు పొద్దున్నే వచ్చి నాచేత తల చేయించుకుంది. ఆ గదిలో జరిగింది ఆమె చెప్పింది, అక్కడే ఉన్న ఇంకో అమ్మాయీ చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే.

జంటలు కట్టే సమయానికి యుదెల్కా చెయ్యెత్తి, "నేను అతిథిగా ఉంటాను. ఆ పెద్దమనిషి రిసెప్షన్‌లో ఉంటే బాగుంటుంది, ఆయనకు అనుభవం ఉంది," అంది. పెద్దలు సరేనన్నారు. రదమేస్ గొలుసు సర్దుకుంటూ నిలబడ్డాడు. ఇక అంతా ఇంగ్లీషులోనే.

"గుడ్ మార్నింగ్ సర్. ఒక ఫిర్యాదు చెయ్యాలి."

"యా, యా, నో ప్రాబ్లమ్ మేడమ్!"

"ప్రాబ్లమ్ ఉంది కాబట్టే వచ్చాను సర్. మీ దగ్గర పనిచేసే ఒకాయన మా చెల్లికి భాష నేర్పుతానన్నాడు. మా అమ్మ చేతి అన్నం తింటూ, మంచి మాటని చెప్పి ఒక బూతుమాట నేర్పాడు. మా చెల్లి దాన్ని పెద్దల ముందు అంది. ఆయన తలుపు వెనక నిలబడి నవ్వాడు. అలాంటివాణ్ణి ఏమంటారు సర్?"

రదమేస్ గొలుసు వదిలేశాడు. "సారీ మేడమ్. పొరపాటు జరిగుంటుంది."

"కాదు సర్. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. న్యూయార్క్‌లో ఉండొచ్చాడు."

వాడికి కంఠతా వచ్చిన వాక్యాలన్నీ గది తాళాల గురించి, టిఫిను వేళల గురించి. ఇది వాటిలో లేదు. చెమట తుడుచుకుంటూ, "మీకు ఒక డిన్నర్ ఫ్రీ ఇస్తాం," అన్నాడు.

"మా చెల్లి పరువుకు డిన్నరా సర్?"

పెద్దల్లో ఒకాయన నవ్వాపుకున్నాడు.

"అలాంటివాడు రిసెప్షన్‌లో ఉండొచ్చా? అవునో కాదో చెప్పండి సర్."

"నో మేడమ్."

"వినపడలేదు సర్."

"నో!"

"మరైతే ఆయన్ని ఏం చేస్తారు?"

వాడి ఇంగ్లీషు అక్కడ ఆగిపోయింది. గొంతు తగ్గించి స్పానిష్‌లో, "యుదెల్కా, ఇక చాలే. నీకు దణ్ణం పెడతా," అన్నాడు.

ఆమె పెద్దల వైపు తిరిగి, "క్షమించండి, ఈయనేమంటున్నారో నాకు అర్థం కావడంలేదు. నేను అతిథిని, నాకు స్పానిష్ రాదు," అంది.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. ఆ సాయంత్రం పేటంతా తెలిసిపోయింది. మోటార్‌సైకిళ్ల వాళ్లు లేచి నిలబడ్డారు గాని ఎవడూ ఆ పాత పేరుతో పిలవలేదు. ఆమె నా సెలూన్‌లో కూర్చుని, వాడి నుదుటి మీద చెమట ఎక్కడ పుట్టి ఎక్కడికి జారిందో కూడా చెప్పింది. అంత సంతోషం నేను పెళ్లికూతుళ్ల మొహాల్లో కూడా చూడలేదు.

ఎనీదా మామ్మకు మాత్రం నచ్చలేదు. "ఉద్యోగానికి నేర్పాను. వేటకు కాదు," అంది.

"మీ పక్కన కూర్చున్న మొదటిరోజే చెప్పాను మామ్మా."

"చెప్పావు. నేనే వినలేదన్నాను." ఆ తర్వాత చాన్నాళ్లు మామ్మ ఆమెతో ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడలేదు. అడిగినదానికల్లా స్పానిష్‌లోనే జవాబు.

తర్వాత రదమేస్ పనిచేసే హోటల్ చేతులు మారింది. కొత్తవాళ్లు పాతవాళ్లను తీసేశారు. ప్రియురాలు ఎటో వెళ్లిపోయింది. వాడు టోపీ చేతిలో నలుపుతూ నా దగ్గరికొచ్చాడు. "చిచా, వాళ్ల హోటల్‌లో సామాన్లు మోసే పని ఖాళీగా ఉందట. ఒక్క మాట చెప్పవూ?"

నేను చెప్పాను. యుదెల్కా రమ్మంది. వచ్చాక నలుగురూ తిరిగేచోట సోఫాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. తర్వాత పిలిచి, ఉన్న ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో అడిగింది. నీ బలమేమిటి, నీ బలహీనతేమిటి, నీకే ఎందుకివ్వాలి. వాడు తలొంచుకుని తడుముకుంటూ జవాబులిచ్చాడు. "కబురు చేస్తాం సర్," అంది. చెయ్యలేదు.

ఒలివా పిన్ని కూతురి రెండుచేతులూ పట్టుకుంది. "నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లాడే. ఇక వదిలెయ్యవే."

"అందుకేనమ్మా వదలనిది. పరాయివాడైతే ఎప్పుడో వదిలేసేదాన్ని."

నేనైతే వాడికి ఆ పని ఇచ్చేసేదాన్ని, నిజం చెబుతున్నా. కానీ గుండె మీద చెయ్యేసుకుని ఆ మాట అన్నది నేను కాదుగా.

ఇప్పుడు వాడు బీచ్ దగ్గర పడవ షికార్ల టికెట్లు అమ్ముతున్నాడు. పొద్దున్నే నా సెలూన్ ముందు నుంచే పోవాలి. సరిగ్గా అప్పుడే యుదెల్కా హోటల్ బస్సు కోసం నిలబడి ఉంటుంది. "గుడ్ మార్నింగ్ మిస్టర్ రదమేస్! హౌ ఆర్ యూ టుడే?" అని వీధి వీధంతా వినపడేలా పలకరిస్తుంది. వాడు ఆగి, తల వంచుకుని, "ఫైన్, థాంక్యూ మేడమ్," అని చెప్పేదాకా కళ్లు తిప్పదు.

మొన్న అడిగాను. "ఇంకా ఎన్నాళ్లే ఇది?"

"ఏమోనక్కా, ఇంకా తనివి తీరలేదు," అని బస్సెక్కి వెళ్లిపోయింది.