పాతవాళ్లే పరిచయం చేయాలి

షుగరు పరీక్షకని మొన్న పొద్దున క్లినిక్కులో చెయ్యి చాపి కూర్చున్నాను. నర్సమ్మ దూదిని స్పిరిట్‌లో తడిపి మోచేతి మడత మీద రాసింది. ఆ వాసనకి మిగతావాళ్లకి సూది గుర్తొస్తుంది, నాకు మాత్రం మస్తాన్ గారు గుర్తొస్తారు. నా ముఖం చూసి "భయపడకండి" అంది నర్సమ్మ. భయం కాదమ్మా, అలసట, అందామనుకుని ఊరుకున్నాను. దానికీ ఒక ఇంజెక్షన్ ఉందంటుందేమోనని.

మస్తాన్ గారు ఆటోనగర్‌లో మా లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కంప్యూటర్ గదికి పెద్ద. నేను ఆయన కింద ఉద్యోగిని. ఆ గదిలో మేమిద్దరం, ఒక సర్వర్. గోడ పగలగొట్టి దాన్ని లోపలికి తెచ్చారని నేను ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి తలుపు రెక్క ఒకటి ఊడదీశారంతే. స్విచ్ వేస్తే దాని ఫ్యాన్ల హోరుకి, గన్నవరంలో దిగాల్సిన విమానం మా డాబా మీద దిగుతోందేమోనని టీకొట్టు సాంబయ్య ఆకాశంలోకి చూసేవాడు. దాని కడుపులో రెండు ప్రాసెసర్లు, అంటే రెండు మెదళ్లు. రెండూ ముసలివైపోయాయి. హనుమాన్ జంక్షన్‌లో లోడెత్తిన లారీకి మా దగ్గర బిల్లు తయారయ్యేలోపు, ఆ లారీ రాజమండ్రిలో సరుకు దించి, డ్రైవరు ఒక కునుకు తీసి తిరిగొచ్చేవాడు.

ఒకరోజు యజమాని గుమ్మంలోనే నిలబడి చెప్పారు. "మస్తాన్ గారూ, సోమవారానికి ఇది పరిగెత్తాలి. లేదంటే పాత ఇనుముకిచ్చేసి, లెక్కలన్నీ బయటి కంపెనీకి అప్పజెప్తా. మీరిద్దరూ గోడౌన్‌లో బస్తాలు చూసుకుందురుగాని."

"ఇంకాస్త గట్టి ప్రాసెసర్లు వేస్తే పరిగెత్తుద్దండి" అన్నారు మస్తాన్ గారు.

అలాంటి ప్రాసెసర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత సామాన్ల వ్యాపారులందరినీ అడిగి, ఎడ్ల జతను ఎంచినట్టు, అచ్చం ఒకేలాంటి రెండింటిని తెప్పించారాయన. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించందే కొత్త లారీని గేటు దాటనివ్వని ఆఫీసు మాది. మెదళ్లకి మాత్రం ముహూర్తం వద్దా? శనివారం పొద్దున్నే యజమాని కొబ్బరికాయతో వచ్చి కూర్చున్నారు. తొమ్మిదింటికి రాహుకాలం.

"ముందు పాతవాటితోనే సర్వర్ నడిపి, కొత్తవాటి వివరాలు దానికి ఎక్కించాలండి. కాస్త టైము పడుద్ది" అన్నారు మస్తాన్ గారు.

"అయ్యన్నీ తర్వాత. ముందు లోపల పెట్టెయ్యండి, రాహుకాలం వచ్చేస్తంది."

పెట్టేశాం. కొబ్బరికాయ కూడా నున్నగా పగిలింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు హోరెత్తాయి గాని తెర మీద ఒక్క అక్షరం రాలేదు. యజమాని కాసేపు ఆ నల్లటి తెరను, కాసేపు కొబ్బరిచిప్పలను చూశారు. "సోమవారం గోడౌన్‌కొచ్చెయ్యండి" అని వెళ్లిపోయారు.

మస్తాన్ గారు స్పిరిట్ బుడ్డి మూత తీసి, కొత్త ప్రాసెసర్లు ఊడదీసి, పాతవాటికి అంటిన జిడ్డును చంటిపిల్ల ముఖం తుడిచినట్టు తుడవసాగారు.

"రాహుకాలమండీ" అన్నాను.

"పాతవాళ్లకి రాహుకాలమేంటయ్యా, వాళ్లింటికి వాళ్లొస్తన్నారు."

పాతవి పెట్టగానే తెర వెలిగింది. వివరాలు ఎక్కుతుండగా ఆయన చెప్పారు. "కొత్తగా వచ్చినోణ్ణి ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు. పోయేవాడే పోకముందు చెప్పాలి, ఫలానావాడొస్తన్నాడు, మనవాడే అని."

వివరాలు ఎక్కాక కొత్తవాటిని మళ్లీ పెడితే, ఈసారి తెర నిండా అక్షరాలొచ్చాయి. సోమవారానికి లారీ గేటు దాటకముందే బిల్లు చేతికొచ్చింది. అంతా ముహూర్తబలమని యజమాని పదిమందికీ చెప్పుకున్నారు. మస్తాన్ గారు తలూపారు.

రిటైరయ్యే ముందు ఆయన నన్ను వెంటబెట్టుకుని గుమస్తాల దగ్గరికి, డ్రైవర్ల దగ్గరికి, సాంబయ్య దగ్గరికి తిప్పారు. ప్రతిచోటా అదే మాట: "ఇకనుంచి ఈయన. మనవాడే." నాకు సిగ్గేసింది. "వీళ్లందరికీ నేను తెలుసు గదండీ" అన్నాను.

"నువ్వు తెలుసయ్యా. నా చోట్లో నువ్వు తెలవదు."

ఆయన పోయి చాలా కాలమైంది. సర్వర్ ఆయన తర్వాత కూడా, నా లాగే, మొండిగా నడిచింది. ఇప్పుడు యజమానిగారి అబ్బాయి లెక్కలన్నీ బయటి కంపెనీకే అప్పజెప్పారు. సర్వర్ పాత ఇనుముకి, నేను గోడౌన్‌కి. పని అందుకోవడానికి ఆ కంపెనీ నుంచి సలోమి అనే అమ్మాయి వచ్చింది. వారం నుంచీ డ్రైవర్లెవరూ ఆమెకి లారీ నంబరు కూడా చెప్పడం లేదు, అన్నీ నాకే చెబుతున్నారు. నిజం చెప్పొద్దూ, కడుపులో చల్లగానే ఉండింది.

క్లినిక్కు నుంచి మోచేతికి దూదితోనే ఆఫీసుకి వెళ్లాను. సలోమిని పిలిచి, ముందు గుమస్తాల దగ్గరికి, తర్వాత డ్రైవర్ల దగ్గరికి తీసుకెళ్లాను. చివరికి టీకొట్టు.

"సాంబయ్యా, ఇకనుంచి ఈ అమ్మాయి. మనమ్మాయే."

సాంబయ్య గరిటె ఆపి నన్ను కాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "పంచదార ఎంతెయ్యమంటావమ్మా?" అన్నాడు.